వ్యాకరణం సరిగ్గానే ఉంది, నింద మాత్రం మనుషుల మీద పడింది: ఒక గోదాము మెయిల్‌లో తొమ్మిది క్రియలు

ఒకేలా అనిపించే ఇంగ్లీషు క్రియల జంటల్లో ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే ఏమవుతుందో చూడడానికి ఈ కేసులో పరిశీలించింది ఒక చిన్న మెయిల్. మందుల గోదాములోని శీతల గదిలో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక రాత్రి అది 11 డిగ్రీలకు చేరింది. షిఫ్ట్ ఇన్‌చార్జి తెల్లవారాక విదేశంలో ఉన్న క్లయింటు క్వాలిటీ విభాగానికి జరిగింది రాశాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంగ్లీషులో డిగ్రీ, ఉద్యోగంలో రోజూ ఇంగ్లీషు మెయిళ్ళు. అలాంటివాళ్ళ మెయిళ్ళలో మళ్ళీ మళ్ళీ కనిపించే వాక్యాలను ఒక్కచోట చేర్చి, శిక్షణ కోసం కూర్చిన నమూనా ఇది.

1. లాస్ట్ నైట్ ద టెంపరేచర్ రెయిజ్డ్ టు 11 డిగ్రీస్.
2. ద ఆపరేటర్ సెడ్ మీ దట్ హి డిడ్ నాట్ లిజన్ టు ద అలారం.
3. ఐ సా ద డిస్‌ప్లే ఫర్ టెన్ మినిట్స్.
4. ఐ డౌట్ దట్ సమ్‌బడీ ఓపెన్డ్ ద డోర్.
5. వుయ్ ఆస్క్‌డ్ ద సెక్యూరిటీ గార్డ్, బట్ హి రిఫ్యూజ్డ్.
6. హి యాక్సెప్టెడ్ టు గివ్ ద సీసీటీవీ ఫుటేజ్.
7. వుయ్ బారోడ్ ద స్పేర్ జెనరేటర్ టు ద నెక్స్ట్ యూనిట్ లాస్ట్ వీక్.
8. ప్లీజ్ రిమెంబర్ ద వెండర్ టు సెండ్ ద న్యూ సెన్సర్.
9. ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యూ ఆన్ కాల్.

రాసినవాడి మనసులో ఉన్నది ఇది. ఉష్ణోగ్రత పెరిగింది. ఆపరేటరుకి అలారం వినబడలేదు. ఇన్‌చార్జి పది నిమిషాలు డిస్‌ప్లే కేసి చూస్తూ నిలబడ్డాడు. ఎవరో తలుపు తీశారని అతని అనుమానం. గార్డుని అడిగితే తాను తియ్యలేదన్నాడు, ఫుటేజీ ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నాడు. అదనపు జెనరేటర్ని పోయిన వారం పక్క యూనిట్‌కి వాడుకోమని ఇచ్చారు. కొత్త సెన్సర్ సంగతి వెండర్‌కి గుర్తు చేయాలి. మిగతాది ఫోన్లో వివరిస్తాడు.

చదివినవాళ్ళకు చేరింది వేరు. ఆపరేటర్ అలారాన్ని పట్టించుకోలేదట. తలుపు ఎవరూ తీసి ఉండరని ఇన్‌చార్జి అభిప్రాయమట. గార్డు జవాబు చెప్పనన్నాడట. జెనరేటర్ పక్క యూనిట్ నుంచి తెచ్చుకున్నారట. ఈ నాలుగూ కలిపి చదివితే నిర్లక్ష్యంగా ఉన్న ఆపరేటరు, సహకరించని గార్డు, కారణం తెలియని ఇన్‌చార్జి కనిపిస్తారు. ఇలాంటి మెయిల్‌లోని మాటలు తర్వాత డీవియేషన్ రిపోర్టులోకి, అంటే నియమం తప్పిన ఘటనను నమోదు చేసే నివేదికలోకి ఎక్కుతాయి, ఆడిట్ చేసేవాళ్ళ ముందుకు వెళ్తాయి.

ఏ తప్పు ముందు దిద్దాలి

ఈ మెయిల్ చేతికిస్తే చాలామంది మొదట 'సెడ్ మీ' దగ్గర ఎర్రగీత గీస్తారు. తర్వాత 'ఎక్స్‌ప్లెయిన్ యూ' దగ్గర. వ్యాకరణం చూసే సాఫ్ట్‌వేర్లు కూడా వీటినే పట్టుకుంటాయి. నిజానికి ఈ రెండింటి వల్ల నష్టం ఏమీ లేదు. చదివినవాళ్ళు ఒక క్షణం ఆగి, అర్థం చేసుకుని ముందుకెళ్తారు.

ఎక్కువ నష్టం చేసేవి 2, 4, 5 వాక్యాలు. 'డిడ్ నాట్ లిజన్ టు ద అలారం', 'ఐ డౌట్ దట్', 'హి రిఫ్యూజ్డ్' అనే ముక్కల్లో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అందుకే సాఫ్ట్‌వేర్ మాట్లాడదు, తొందరలో ఉన్న పై అధికారి కూడా గమనించడు. దిద్దుబాటు ఇక్కడ మొదలుపెట్టాలి. తప్పు ఎంత తరచుగా వస్తోందన్నది కాక, చదివినవాళ్ళు దాన్ని తప్పుగా గుర్తించగలరా లేదా అన్నదే వరుస నిర్ణయించాలి. గుర్తించగలిగితే వాళ్ళే సరిచేసుకుని చదువుతారు. గుర్తించలేకపోతే నమ్ముతారు.

మూలం ఎక్కడుంది

తెలుగువాళ్ళకు ఈ తేడాలు తెలియవని అనుకుంటే వైద్యం దారి తప్పుతుంది. 'ఉష్ణోగ్రత పెరిగింది' అనాల్సిన చోట 'ఉష్ణోగ్రత పెంచింది' అని ఏ తెలుగువాడూ అనడు. 'నాకు వినబడలేదు', 'నేను వినలేదు' అన్న మాటల మధ్య తేడా చిన్నపిల్లలకూ తెలుసు. ఇంగ్లీషు రెండు వేరు క్రియలతో చేసే పనిని తెలుగు చాలాచోట్ల ప్రత్యయంతోనో విభక్తితోనో తోడు క్రియతోనో చేస్తుంది: పెరుగు, పెంచు; విను, వినబడు; గుర్తుండు, గుర్తు చేయు.

చిక్కు అనువాదం చేసేటప్పుడు వస్తోంది. రాసేవాడు వాక్యాన్ని కాకుండా మాటను అనువదిస్తాడు. 'వినబడలేదు' లోంచి 'బడు' ఊడిపోతుంది, 'వినడం' మిగులుతుంది, దానికి బళ్ళో నేర్చుకున్న 'లిజన్' దొరుకుతుంది. ద్విభాషా నిఘంటువుల్లోనూ, ఫోన్లలోని యాప్‌లలోనూ లిజన్‌కీ హియర్‌కీ ఎదురుగా చాలాసార్లు ఒకే అర్థం ఉంటుంది. కాబట్టి ఈ కేసులో మందు కొత్త అర్థాలు బట్టీ పట్టించడం కాదు. ఇంగ్లీషులోకి దిగేముందు తెలుగు వాక్యాన్ని ప్రత్యయాలతో సహా పూర్తిగా కాగితం మీద పెట్టించడం.

ఆ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో ఈ తొమ్మిది వాక్యాలే చూపిస్తాయి.

అనుమానం: డౌట్, సస్పెక్ట్

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. డౌట్ తర్వాత వచ్చే విషయం జరగలేదని చెప్పేవాడి మొగ్గు. సస్పెక్ట్ తర్వాత వచ్చే విషయం జరిగిందని మొగ్గు. 'ఐ డౌట్ దట్ సమ్‌బడీ ఓపెన్డ్ ద డోర్' అంటే తలుపు తీశారంటే నమ్మకం కుదరడం లేదని. 'ఐ సస్పెక్ట్ దట్ సమ్‌బడీ ఓపెన్డ్ ద డోర్' అంటే తీసే ఉంటారని.

'అనుమానం' అనే ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది, కానీ దాని ముందు వచ్చే ముక్క మారుతుంది. 'తీశారని అనుమానం' అంటే సస్పెక్ట్. 'తీశారో లేదో అని అనుమానం' అంటే డౌట్, దాని వెనక 'వెదర్' వస్తుంది. ఈ తేడా వేగంగా రాసేటప్పుడు జారిపోతుంది కాబట్టి అనుమానం అనే మాటనే తీసేసి చూడాలి. 'తీసి ఉంటారనుకుంటున్నాను' అని మార్చినా ఉద్దేశం చెడకపోతే సస్పెక్ట్. 'తీసి ఉండరనుకుంటున్నాను' అని మారిస్తే సరిపోతే డౌట్.

మనిషి నేరుగా కర్మగా వచ్చినప్పుడు మరో మెలిక ఉంది. 'ఐ సస్పెక్ట్ హిమ్' అంటే ఈ పని చేసింది అతనే అని శంక. 'ఐ డౌట్ హిమ్' అంటే అతని మాట మీదో సామర్థ్యం మీదో నమ్మకం లేదని. దొంగతనం సందర్భంలో 'ఐ డౌట్ హిమ్' అని రాస్తే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడికి దొంగతనం ఆరోపణ వినిపించదు.

ఇక 'ఐ హావ్ ఎ డౌట్' సంగతి. తరగతి గదిలో చెయ్యెత్తి అడిగే ఈ మాట భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిపోయింది, మన ఆఫీసుల మధ్య దాన్ని దిద్దాల్సిన పని లేదు. బయటి దేశం క్లయింటుకి రాసేటప్పుడు మాత్రం 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అని రాయాలి. లేకపోతే ప్రశ్న అడుగుతున్నవాడు కాస్తా మీ పని మీద నాకు నమ్మకం లేదంటున్నవాడిలా కనిపిస్తాడు.

కాదనడం: రిఫ్యూజ్, డినై, రిజెక్ట్

గార్డు 'కాదన్నాడు'. ఏది కాదన్నాడు? చేయబోయే పనినా, జరిగిపోయిన విషయాన్నా? ఈ ఒక్క ప్రశ్న చాలు. ఇక ముందు చేయాల్సిన పనికి కాదంటే రిఫ్యూజ్: 'హి రిఫ్యూజ్డ్ టు ఓపెన్ ద డోర్', తియ్యనన్నాడు. జరిగిపోయినదాన్ని, తన మీద మోపినదాన్ని కాదంటే డినై: 'హి డినైడ్ ఓపెనింగ్ ద డోర్', తియ్యలేదన్నాడు. తెలుగులో 'తియ్యను', 'తియ్యలేదు' అన్న రెండు రూపాలు ఎంత దూరంగా ఉన్నాయో ఇంగ్లీషులో ఈ రెండు క్రియలూ అంతే దూరం. రిఫ్యూజ్ వెనక 'టు', డినై వెనక 'ఇంగ్' రూపం లేదా 'దట్' రావడం కూడా అందుకే. 'హి డినైడ్ టు కమ్' అనేది ఈ జంటలో మరో అలవాటైన తప్పు. రానన్నాడు అనడానికి 'రిఫ్యూజ్డ్ టు కమ్' అనాలి.

ఐదో వాక్యంలో రిఫ్యూజ్డ్ తర్వాత ఏమీ లేదు. అలా ఒంటరిగా వదిలేస్తే చదివేవాడు దాని ముందున్న పనిని తెచ్చి అతికిస్తాడు. ముందున్నది 'ఆస్క్‌డ్'. దాంతో గార్డు జవాబు చెప్పడానికి నిరాకరించినట్టయింది. క్రియ తర్వాతి ముక్కను మింగేయడం తెలుగులో మామూలే, ఇంగ్లీషులో ఇలాంటి క్రియల దగ్గర అది ప్రమాదం.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. అనుమతి, ప్రవేశం, వీసా లాంటివి ఇవ్వకపోవడానికి డినై కూడా వాడతారు: 'హి వాజ్ డినైడ్ ఎంట్రీ'. ఇక రిజెక్ట్ అంటే పరిశీలించి తోసిపుచ్చడం. బ్యాచ్‌ని, దరఖాస్తుని, ప్రతిపాదనని రిజెక్ట్ చేస్తారు. దాని వెనక 'టు' రాదు.

దీనికి జోడీ ఆరో వాక్యం. 'ఒప్పుకొను' అనే తెలుగు మాట కింద మూడు ఇంగ్లీషు క్రియలున్నాయి. ఫుటేజీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, అంటే అగ్రీడ్ టు. తప్పు ఒప్పుకున్నాడు, అంటే అడ్మిటెడ్. ఇచ్చినదాన్ని పుచ్చుకున్నాడు, లేదా చెప్పింది నిజమేనని అంగీకరించాడు, అంటే యాక్సెప్టెడ్. 'డానికి' అనే ముక్క కనిపిస్తే అగ్రీ టు అన్నది ఇక్కడ దాదాపు ఎప్పుడూ పనిచేసే గుర్తు. 'యాక్సెప్టెడ్ టు గివ్' చదివినవాళ్ళకు అర్థమవుతుంది కాబట్టి దీని ప్రమాదం తక్కువే.

పెరిగింది, పెంచారు: రైజ్, రెయిజ్

తెలుగు ప్రత్యయం నూటికి నూరుపాళ్ళు సాయపడే జంట ఇది. పెరుగు అంటే రైజ్, దాని రూపాలు రైజ్, రోజ్, రిజన్. పెంచు అంటే రెయిజ్, దాని రూపాలు రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. ఉష్ణోగ్రత తనంతట తాను పెరిగింది, కాబట్టి 'ద టెంపరేచర్ రోజ్ టు 11 డిగ్రీస్'. చాలామంది రెయిజ్డ్ వైపు మొగ్గడానికి అర్థం ఒక్కటే కారణం కాదు. 'డ్' చేర్చితే భూతకాలం అయిపోతుంది, 'రోజ్' గుర్తు రాదు.

దిద్దేవాళ్ళు పడే గొయ్యి కూడా ఇక్కడే ఉంది. 'రెయిజ్డ్' కి కర్మ లేదని గమనించి 'వాజ్' చేర్చేస్తారు. 'ద టెంపరేచర్ వాజ్ రెయిజ్డ్ టు 11 డిగ్రీస్' అంటే వ్యాకరణం కుదిరింది, కానీ ఎవరో కావాలని పెంచారన్న అర్థం వచ్చింది. మందుల గోదాము నుంచి వెళ్ళే మెయిల్‌లో ఇంతకంటే చెడ్డ దిద్దుబాటు ఉండదు. 'వాజ్' చేర్చేముందు తెలుగులో 'పెంచబడింది' అని చదువుకుని, అది నిజమో కాదో చూసుకోవాలి.

రూపాలు గుర్తు రానప్పుడు 'ఇంక్రీజ్' వాడుకోవచ్చు. అది పెరగడానికీ పెంచడానికీ రెండింటికీ పనికొస్తుంది. తగ్గు, తగ్గించు దగ్గర అంత సుఖం లేదు. 'ద టెంపరేచర్ రెడ్యూస్డ్' అని మన మెయిళ్ళలో తెగ కనిపిస్తుంది. రెడ్యూస్ మామూలుగా కర్మను కోరుతుంది, అది తగ్గించు. తగ్గింది అనడానికి ఫెల్, డ్రాప్డ్, వెంట్ డౌన్ లేదా డిక్రీజ్డ్ అనాలి. పడుకొను, పడుకోబెట్టు అనే జంటకు సమానమైన లై, లే కూడా ఇదే కోవ. అక్కడ లై క్రియకు భూతకాల రూపం లే కావడంతో గందరగోళం రెట్టింపవుతుంది. ఆఫీసు మెయిళ్ళలో వాటి అవసరం తక్కువ కాబట్టి ఈ కేసులో వదిలేశాం.

వినడం, చూడడం

చెవిన పడితే హియర్, చెవి పెడితే లిజన్. వినబడు, వినిపించు అన్న రూపాలు హియర్ వైపు, ప్రయత్నంతో చేసే 'విను' లిజన్ వైపు. ఆపరేటరుకి అలారం వినబడలేదు, కాబట్టి 'హి డిడ్ నాట్ హియర్ ద అలారం'. లిజన్ వెనక 'టు' కావాలి, హియర్ వెనక వద్దు. ఇక్కడ రాసినవాడు 'టు' సరిగ్గా పెట్టాడు, అదే కొంప ముంచింది. 'లిజన్ ద అలారం' అని తప్పుగా రాసి ఉంటే చదివినవాళ్ళు కనీసం అనుమానించేవారు. తెలుగులో కూడా 'వినలేదు' అన్న మాట మందలింపు గొంతుతో అంటే మాట లెక్కచేయలేదని అర్థం వస్తుందని గుర్తుచేస్తే ఈ తేడా చప్పున ఎక్కుతుంది.

ఫోన్ కాల్‌లో 'ఐ యామ్ నాట్ లిజనింగ్ యూ' అనేవాళ్ళున్నారు. అవతలివాడి చెవికి అది 'నీ మాట నేను వినిపించుకోవడం లేదు' అని తగులుతుంది. 'ఐ కాంట్ హియర్ యూ' అంటే సరిపోతుంది.

చూపు దగ్గర తెలుగు సగమే సాయం చేస్తుంది. కనబడు అంటే సీ. చూడు అంటే లుక్ ఎట్ కావచ్చు, వాచ్ కావచ్చు. ఆ రెండింటి మధ్య గీత తెలుగు క్రియలో లేదు, 'చూస్తూ ఉన్నాడు', 'కనిపెట్టుకుని ఉన్నాడు' లాంటి అదనపు ముక్కల్లో ఉంది. చూపు ఒకచోటికి తిప్పితే లుక్ ఎట్. కదిలేదాన్ని, మారేదాన్ని కొంతసేపు గమనిస్తే వాచ్. పది నిమిషాలన్నాడు, అంకెలు మారతాయేమోనని చూశాడు, కాబట్టి 'ఐ వాచ్డ్ ద డిస్‌ప్లే ఫర్ టెన్ మినిట్స్'. వృత్తి భాషలో 'మానిటర్డ్' ఇంకా మేలు.

జెనరేటర్ ఎటు వెళ్ళింది

లెండ్ అంటే ఇవ్వడం, బారో అంటే తీసుకోవడం. చేబదులు ఇచ్చాం, చేబదులు పుచ్చుకున్నాం అని తెలుగులో దిశ స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే దిశ చెప్పే క్రియ పక్కనే ఉంది. 'అప్పు' అన్న నామవాచకం మీదే దృష్టి పెట్టి దానికి బారో అని నేర్చుకున్నవాళ్ళు రెండు దిశలకూ అదే వాడేస్తారు. బారో వెనక 'ఫ్రమ్', లెండ్ వెనక 'టు'. ఏడో వాక్యంలో బారో, టు రెండూ కలిసి వచ్చాయి. చదివేవాడికి ఏదో ఒకటి తప్పని తెలుస్తుంది, ఏది తప్పో తెలియదు. క్రియను నమ్మి 'టు' ని 'ఫ్రమ్' గా మార్చుకుని చదివితే, ఆ రాత్రి గోదాములో అదనపు జెనరేటర్ ఉన్నట్టు లెక్క. వాస్తవం దానికి సరిగ్గా ఎదురు.

రిమెంబర్, రిమైండ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుర్తుంటే, గుర్తుకొస్తే రిమెంబర్. గుర్తు చేస్తే రిమైండ్. గుర్తు చేయడానికి ఇంకో మనిషి కావాలి, కాబట్టి రిమైండ్ వెనక ఆ మనిషి తప్పనిసరి: 'ప్లీజ్ రిమైండ్ ద వెండర్ టు సెండ్ ద న్యూ సెన్సర్'.

'నాకు' చేసే మోసం

ఇప్పటిదాకా తెలుగు విభక్తులు దారి చూపాయి. సే, టెల్ దగ్గర కూడా కొంత చూపిస్తాయి: 'నాతో అన్నాడు' అంటే సెడ్ టు మీ, 'నాకు చెప్పాడు' అంటే టోల్డ్ మీ. మనిషి వెంటనే పక్కన ఉంటే టెల్, లేకపోతే సే.

అయితే ఈ 'కు' ని అన్నిచోట్లా నమ్మితే తొమ్మిదో వాక్యం పుడుతుంది. నాకు చెప్పాడు, నాకు వివరించాడు, నాకు సూచించాడు అని తెలుగు మూడింటినీ ఒకే అచ్చులో పోస్తుంది. ఇంగ్లీషు అలా పోయదు. టెల్, ఆస్క్, ఇన్ఫామ్, రిమైండ్, అడ్వైజ్ వెనక మనిషి నేరుగా వస్తాడు. సే, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, మెన్షన్, డిస్క్రైబ్, అనౌన్స్ వెనక ముందు విషయం వస్తుంది, మనిషి రావాలంటే 'టు' పట్టుకుని రావాలి. కాబట్టి 'ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు యూ'. 'సజెస్ట్ మీ ఎ గుడ్ హోటల్' కూడా ఇందుకే కుదరదు. ఈ రెండు గుంపుల్ని కంఠస్థం చేయడం తప్ప ఇక్కడ వేరే దారి లేదు, తెలుగు ఏ ఆధారమూ ఇవ్వదు.

ఆధారం దొరికేది లెర్నర్స్ డిక్షనరీల్లో, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం కూర్చిన నిఘంటువుల్లో. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువులో ప్రతి క్రియ వెనక ఏ రకం వాక్యం నడుస్తుందో చూపించాడు. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. అందులో క్రియ దగ్గర చిన్న అక్షరాల్లో ఎస్‌బి అంటే మనిషి, ఎస్‌టిహెచ్ అంటే విషయం. టెల్ దగ్గర ఎస్‌బి ముందు కనిపిస్తుంది, ఎక్స్‌ప్లెయిన్ దగ్గర ఎస్‌టిహెచ్ ముందు కనిపిస్తుంది. మామూలుగా అందరూ దాటేసి వెళ్ళే ఆ పొడి అక్షరాల్లోనే అసలు సమాచారం ఉంది. అర్థం చదివి మూసేసేవాళ్ళకు నిఘంటువు సగమే పనిచేస్తుంది.

దిద్దిన మెయిల్

లాస్ట్ నైట్ ద టెంపరేచర్ రోజ్ టు 11 డిగ్రీస్. ద ఆపరేటర్ టోల్డ్ మీ దట్ హి డిడ్ నాట్ హియర్ ద అలారం. ఐ వాచ్డ్ ద డిస్‌ప్లే ఫర్ టెన్ మినిట్స్. ఐ సస్పెక్ట్ దట్ సమ్‌బడీ ఓపెన్డ్ ద డోర్. వుయ్ ఆస్క్‌డ్ ద సెక్యూరిటీ గార్డ్, బట్ హి డినైడ్ ఓపెనింగ్ ఇట్. హి అగ్రీడ్ టు గివ్ అస్ ద సీసీటీవీ ఫుటేజ్. వుయ్ లెంట్ ద స్పేర్ జెనరేటర్ టు ద నెక్స్ట్ యూనిట్ లాస్ట్ వీక్. ప్లీజ్ రిమైండ్ ద వెండర్ టు సెండ్ ద న్యూ సెన్సర్. ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ ద రెస్ట్ టు యూ ఆన్ ఎ కాల్.

పంపే ముందు ఒక పరీక్ష ఉంది: ఇంగ్లీషు మెయిల్‌ని సంగతి తెలియని సహోద్యోగికి ఇచ్చి, తెలుగులో ఏం జరిగిందో చెప్పమనాలి. రాసినవాడే తిరిగి చదివితే ఇది పనిచేయదు. తన మనసులో ఉన్నదే అతనికి కాగితం మీద కనిపిస్తుంది.

నేర్పే వరుస

జంటలోని రెండు క్రియల్నీ ఒకే రోజు బోర్డు మీద పక్కపక్కన రాసి తేడా చెప్పడం అలవాటుగా వస్తున్న పద్ధతి. రెండూ కొత్తవైతే అది ఎదురుతిరుగుతుంది. తేడా ఉందని గుర్తుంటుంది, ఏది ఏదో గుర్తుండదు. పదజాల బోధన మీద పనిచేసిన పాల్ నేషన్ లాంటివాళ్ళు ఈ విషయంలో ఎప్పుడో హెచ్చరించారు. ఈ కేసులో ముందు ఒకదాన్నే ఇవ్వాలి, దాని వెనక వచ్చే ముక్కతో కలిపి: 'సస్పెక్ట్ దట్', 'డినై' తో 'ఇంగ్' రూపం, 'లెండ్ టు'. అది సొంత మెయిళ్ళలో తడుముకోకుండా వచ్చేదాకా రెండోదాన్ని ముట్టుకోకూడదు. డౌట్ అనే క్రియనైతే కొన్నాళ్ళు పూర్తిగా పక్కన పెట్టించడం మంచిది. 'ఐ డోంట్ థింక్' తో ఆ పని గడిచిపోతుంది.

ఈ పద్ధతికి లొంగని జంట డూ, మేక్. 'చేయు' ని ఎంత పిండినా వాటి తేడా రాదు. 'తయారు చేయు' అన్నచోట మేక్ అనేది కొంతవరకే నడుస్తుంది. మేక్ ఎ డిసిషన్, మేక్ ఎ మిస్టేక్, మేక్ ఎ కాల్, డూ ద వర్క్, డూ ఎ టెస్ట్ అని నామవాచకంతో కలిపే నేర్చుకోవాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి రోజువారీ మెయిళ్ళలో వాడే నామవాచకాలను ముందు ఏరి, వాటికి తగిన క్రియను పక్కన రాసిన పట్టీ ఒకటి మానిటర్ పక్కన అంటిస్తే చాలు.